పడని మందు

తెలుగునాట వైద్యుని ముందు కూర్చున్న రోగి నోట తరచుగా వినిపించే మాట ‘పడదు’. ఒకరికి వంకాయ పడదు. మరొకరికి చన్నీళ్ళు పడవు. ఇంకొకరికి ఫలానా సూది పడదు. అన్నదమ్ములకో, అత్తాకోడళ్ళకో పొసగనప్పుడు వాడే క్రియనే తెలుగువారు శరీరానికీ పదార్థానికీ మధ్య ఏర్పడే వైరానికి కూడా వాడుకున్నారు. వైద్యశాస్త్రం ఈ వైరానికి ‘ఎలర్జీ’ అని పేరు పెట్టింది. వియన్నా నగరానికి చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో రెండు గ్రీకు పదాలను కలిపి ఈ మాటను కల్పించాడు. ‘మారిన స్పందన’ అని దాని భావం. తెలుగు మాట దానికన్నా విశాలమైనది. ఎక్కడ ఏది వికటించినా ‘పడలేదు’ అంటే సరిపోతుంది. ఇంటి మాటగా అది చక్కనిదే. అయితే శస్త్రచికిత్స గది వాకిట ఆ విశాలతే చిక్కు తెచ్చిపెడుతుంది.

ఆ చిక్కు ఎటువంటిదో తెలుసుకోవడానికి ఒక సన్నివేశాన్ని ఊహించుకోవచ్చు. వికారాబాద్ జిల్లాకు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని బషీరాబాద్ మండలం ఉంది. అక్కడి గ్రామాల ప్రజలు ఊరిలో నయం కాని జబ్బు చేస్తే తాండూరుకు వెళతారు. అక్కడా కుదరకపోతే వికారాబాదుకో, హైదరాబాదుకో ప్రయాణం కడతారు. అటువంటి ఒక గ్రామంలో కంది చేను పనులు చేసుకునే నలభై ఏళ్ళ స్త్రీకి పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడ్డాయి. శస్త్రచికిత్స తప్పనిసరి అయింది. ముందునాడు మత్తు వైద్యుడు ఆమెను పలకరించి ప్రశ్నించాడు.

“ఇంతకు ముందు ఆపరేషన్ ఏదైనా అయిందా అమ్మా? ఏ మందైనా పడకపోవడం ఉందా?”

“పదేండ్ల కింద పిల్లలు కాకుండ ఆపరేషన్ అయింది సారూ. అప్పుడొక సూది పడలే. ఒళ్ళంత ఎర్రగై దద్దులొచ్చినయి.”

“ఏ సూది?”

“అదెవరికెరుక సారూ? కాయిదం ఇయ్యలే.”

ఆమె చెప్పినదాంట్లో దాపరికం లేదు, పొరపాటు కూడా లేదు. అయినా వైద్యునికి అవసరమైన సంగతి మాత్రం అందులో లేదు. నేటి మత్తు చికిత్సలో రోగికి ఒకే మందు ఇవ్వరు. నిద్ర పుచ్చడానికి ఒకటి, నొప్పి తెలియకుండా ఉండడానికి ఒకటి, కండరాలు సడలడానికి ఒకటి, చీము పట్టకుండా యాంటీబయాటిక్ మరొకటి. ఇవన్నీ కొద్ది నిమిషాల తేడాతో రక్తనాళంలోకి వెళతాయి. జనం ‘నరానికి సూది’ అంటారు గానీ శాస్త్రపరిభాషలో నరమంటే నాడి. మందు వెళ్ళేది గుండెకు రక్తాన్ని తీసుకొని వెళ్ళే సిరలోకి. పదేళ్ళ క్రితం ఆమెకు పడని మందు ఈ నాలుగింటిలో ఏది? అది నిజంగా ఎలర్జీయేనా? అయితే రేపు ఆ మందు చుక్క తగిలినా ప్రాణాపాయమే. కాకపోతే అదే మందును నెమ్మదిగా ఇచ్చి గట్టెక్కవచ్చు. చర్మం మీద పొడసూపే దద్దుర్లు మాత్రం రెండు సందర్భాలలోనూ ఒకే విధంగా ఉంటాయి.

మత్తులో ఉన్న మనిషికి కీడు జరిగితే తప్పు మందుదా, మోతాదుదా, ఇచ్చిన చేతిదా అన్న విచారణ హైదరాబాదు రాజ్యానికి కొత్త కాదు. ఆ రోజుల్లో సిరలోకి ఎక్కించే మత్తుమందులు లేవు. గుడ్డ మీద క్లోరోఫాం చుక్కలు వేసి వాసన చూపించేవారు. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో మరణించింది. క్లోరోఫాం వల్ల సంభవించిన మరణాలలో మొదటిదిగా లోకానికి తెలిసినది అదే. మందు ముందుగా ఆపేది శ్వాసనా, గుండెనా అన్న వాదం నలభై ఏళ్ళు సాగింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ అక్కడి వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ శ్వాసను కనిపెట్టుకొని ఉంటే చాలునని గట్టిగా నమ్మాడు. దానిని పరీక్షించడానికి 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లండను నుండి వెలువడే లాన్సెట్ పత్రిక దాని నిర్ణయాన్ని శంకించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫునే ఒక నిపుణుడిని పంపించమని కోరింది. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుడు వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో వేసిన రైలు మార్గం అప్పటికే తాండూరు, వికారాబాదుల మీదుగా నడుస్తున్నది. నేటికీ బషీరాబాద్ ప్రాంతం వారు నగరపు ఆసుపత్రులకు వెళ్ళేది ఆ పట్టాల మీదనే.

రెండవ కమిషన్ కూడా లారీ పక్షాన్నే సమర్థించింది. కాని ఆ నిర్ణయం సగమే నిజమైంది. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు, తేలికగా క్లోరోఫాం ఇచ్చిన జంతువుకు ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోతుందని నిరూపించాడు. భయంతో ఉన్న రోగి శరీరంలో ఎడ్రినలిన్ తనంతట తానే ఊరుతుంది. క్లోరోఫాం మరణాలు ఎలర్జీ వల్ల జరిగినవి కావు గనుక ఈ కథ ఇక్కడితో ఆగవచ్చు. ఎడ్రినలిన్ పేరు మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక చోట ప్రాణం తీసిన ఆ పదార్థమే మరొక చోట ప్రాణదాతగా మళ్ళీ కనిపిస్తుంది.

ఇక దద్దుర్ల సంగతి. ముంజేతి మీద గోటితో కాస్త గట్టిగా గీస్తే మొదట ఎర్రని గీత తేలుతుంది. తరువాత దాని చుట్టూ ఎరుపు పరచుకుంటుంది. కొందరికి గీత పొడవునా చర్మం ఉబ్బుతుంది కూడా. చర్మంలోనే దాగి ఉన్న ఏదో రసాయనం గీత తగలగానే బయటపడి ఈ పని చేస్తున్నదని 1920లలో థామస్ లూయిస్ అనే వైద్యుడు ఊహించాడు. ఆ రసాయనానికి ఆయన పెట్టిన పేరు ‘హెచ్ పదార్థం’. అది చాలావరకు హిస్టమినే. గ్రీకు భాషలో ‘హిస్టోస్’ అంటే మగ్గం, నేత. శరీరపు కణాల అల్లికకు వైద్యులు ఆ మాటను వాడుకున్నారు. తెలుగులో దానినే ‘కణజాలం’ అంటారు. అక్కడ నేత, ఇక్కడ వల. రెండు భాషలూ ఒకే పోలికను పట్టుకోవడం ముచ్చటైన విషయం.

హిస్టమిన్‌ను నిలవ చేసే గాదెలు మాస్ట్ కణాలు. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మను విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో వీటిని వర్ణించాడు. కణం నిండా గింజల్లాంటి రేణువులు కనిపించడంతో ఇవి బాగా మేసి బలిసిన కణాలని తలచి, పుష్టిని సూచించే జర్మను మాటతో పేరు పెట్టాడు. ఆయన అనుకున్నట్లు అవి ఆహారపు రేణువులు కావు. వాటిలో ఉన్నది హిస్టమిన్ అని 1950లలో రైలీ, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు తేల్చేదాకా ఈ పొరపాటు పేరులో అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ పేరు మారలేదు. ఈ కణాలు చర్మంలోనూ, ఊపిరితిత్తుల గొట్టాలలోనూ, పేగులలోనూ, రక్తనాళాల పొడవునా కావలివాళ్ళ వలె ఉంటాయి. పురుగులు, సూక్ష్మజీవులు బయటి నుండి చొరబడేది ఆ తావులలోనే. గాదె తలుపు తెరుచుకొని హిస్టమిన్ వెలువడితే చిన్న రక్తనాళాలు విప్పారుతాయి. వాటి గోడలు సడలి రక్తంలోని నీరు పక్కల కణజాలంలోకి ఊరుతుంది. కనుక చర్మం ఎర్రబడి ఉబ్బుతుంది. ఊపిరి గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుస్తుంది. ఇదంతా వేలెడంత మేర జరిగితే దద్దురు. ఒళ్ళంతా ఒక్కసారిగా జరిగితే రక్తనాళాలలో నిలవవలసిన ద్రవం బయటికి జారిపోయి రక్తపీడనం కుప్పకూలుతుంది. జంతువులలోకి హిస్టమిన్ ఎక్కిస్తే సరిగ్గా ఇటువంటి స్థితే కలుగుతుందని హెన్రీ డేల్, లెయిడ్లా 1910లో చూపించారు.

ఆ తలుపును తెరిచే దారులు రెండు. ఈ పాఠానికి ఆయువుపట్టు ఇదే. చేను గట్టు మీద పని చేసేవారికి తేనెటీగ కాటు తెలిసినదే గనుక, ఆ ఉదాహరణతో దీనిని గ్రహించడం తేలిక. మొదటిసారి ఈగ కుట్టిన ఎవరికైనా ఆ చోట వాపు, మంట, ఎరుపు కలుగుతాయి. ఈగ విషంలో మాస్ట్ కణాలను నేరుగా కుదిపి తెరిచే పదార్థాలు ఉన్నాయి. పాత పరిచయంతో వాటికి పని లేదు. విషం ఎంత ఎక్కితే వాపు అంత. కాని కొందరికి మొదటి కాటు తరువాత శరీరం ఆ విషాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ ఎప్పుడో ఒక్క ఈగ కుట్టినా, గుర్తుపెట్టుకున్న శరీరం ఒళ్ళంతా ఉన్న గాదెలను ఒకేసారి తెరుస్తుంది. మనిషి అక్కడికక్కడే ఒరిగిపోతాడు. కుట్టింది అదే ఈగ, వెలువడింది అదే హిస్టమిన్. తెరిచిన చేయి మాత్రం వేరు.

ఈ గుర్తుపెట్టుకునే దారి మొదట బయటపడింది సముద్ర జీవి విషం వల్ల. ఫ్రెంచి శాస్త్రవేత్తలు రిషే, పోర్టియే సీ ఎనిమోన్ అనే జీవి విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి వాటిని విషానికి అలవాటు చేయాలనుకున్నారు. జరిగింది వేరు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్క కొన్ని వారాల తరువాత అంతకంటే తక్కువ మోతాదుకే నిమిషాల్లో చనిపోయింది. రక్షణ కలగవలసిన చోట దానికి విరుద్ధమైనది కలిగింది గనుక 1902లో రిషే దీనికి ‘అనాఫిలాక్సిస్’ అని పేరు పెట్టాడు. ఈ పరిశోధనకే ఆయనకు 1913లో నోబెల్ బహుమతి లభించింది. శరీరం ఆ జ్ఞాపకాన్ని దాచుకునే ప్రతిరక్షకం ఏదో 1960ల నడుమ దాకా తెలియలేదు. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడనులో యోహాన్సన్, బెనిక్ ఒకరికొకరు సంబంధం లేకుండా దానిని పట్టుకున్నారు. అదే ఇమ్యునోగ్లోబులిన్-ఇ. అది మాస్ట్ కణం మీద కాచుకొని కూర్చుంటుంది. పక్కపక్కనున్న రెండు ప్రతిరక్షకాలను ఒకే పదార్థం వంతెన వలె కలిపి పట్టుకున్నప్పుడు కణం తెరుచుకుంటుంది. ఈ దారిలో మోతాదుకు విలువ లేదు. చాలా కొద్ది మందు కూడా ప్రమాదకరమే. నెమ్మదిగా ఇచ్చినా రక్షణ ఉండదు.

రెండవది, అంటే జ్ఞాపకంతో పని లేని దారి, మందుల విషయంలో చాలాకాలం అస్పష్టంగానే మిగిలింది. నల్లమందు నుండి తీసే మార్ఫిన్, నిద్ర పుచ్చే థయోపెంటోన్, కండరాలను సడలించే అట్రాక్యూరియం వంటివి ఏ పూర్వ పరిచయం లేనివారిలో సైతం హిస్టమిన్‌ను విడుదల చేయిస్తాయని వైద్యులకు అనుభవం మీద తెలుసు. సూది వేసిన సిర పొడవునా ఎర్రని చార తేలడం, మెడ మీద, ఎద మీద చర్మం కందిపోవడం వారు రోజూ చూసేవే. ఎలా జరుగుతున్నదో మాత్రం తెలియలేదు. 2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మాస్ట్ కణం మీద ఉన్న ఒక గ్రాహకం ఇందుకు కారణం కాగలదని చూపించారు. దాని పేరు ఎం.ఆర్.జి.పి.ఆర్.ఎక్స్-2. పలకడానికి కష్టమైనా పని తేలికగానే తెలుస్తుంది. అట్రాక్యూరియం వంటి పలు మందులు ప్రతిరక్షకాల ప్రమేయం లేకుండా ఈ మీటను నొక్కి తలుపు తీయగలవు. ఈ దారిలో మోతాదు, వేగం రెండూ ప్రధానం. ఒకేసారి దూకించిన మందు ఒళ్ళు ఎర్రబరిస్తే, అదే మందు కొన్ని నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కిస్తే ఏ అలజడీ లేకుండా పోవచ్చు.

మింగిన మాత్ర పేగుల గుండా మెల్లగా రక్తంలోకి చేరుతుంది. సిరలోకి వేసిన మందు అలా కాదు. అర నిమిషంలోపే గుండెను దాటి ఒళ్ళంతా వ్యాపిస్తుంది. రెండు దారులూ సూదిమందు విషయంలో భయంకరంగా పరిణమించడానికి కారణం ఇదే. దానికి మరొక ఇబ్బంది తోడవుతుంది. మెలకువగా ఉన్న మనిషి మొదట ‘అరచేతులు దురద పెడుతున్నాయి’ అంటాడు, తరువాత ‘ఊపిరాడడం లేదు’ అంటాడు. ఆ రెండు మాటలే సగం వైద్యం. మత్తులో ఉన్నవాడు ఏదీ చెప్పలేడు. ఒంటి మీద ఆకుపచ్చని గుడ్డలు కప్పి ఉండడంతో దద్దుర్లు కూడా వెంటనే కంటబడవు. చాలాసార్లు మొదట కనిపించేది తెర మీద పడిపోతున్న రక్తపీడనపు అంకె మాత్రమే. అది నెత్తురు పోవడం వల్లనా, మత్తు ఎక్కువై జరిగిందా, ఎలర్జీయా అన్నది మత్తు వైద్యుడు క్షణాల్లో తేల్చుకోవాలి.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది? బ్రిటనులో ఆసుపత్రులన్నీ కలిసి జరిపిన ఒక విస్తృత పరిశీలన 2018లో వెలువడింది. మత్తు చికిత్స పొందిన సుమారు 10,000 మందిలో ఒకరికి ప్రాణాపాయకరమైన అనాఫిలాక్సిస్ కలిగినట్లు అందులో తేలింది. అక్కడ నిశితంగా పరిశీలించిన 266 సంఘటనలలో 10 మంది మరణించారు. నిద్ర పుచ్చే మందులు దీనికి కారణమైన సందర్భాలు చాలా అరుదు. దాదాపు సగం నేరం యాంటీబయాటిక్‌లదే. సుమారు మూడవ వంతు కండరాలను సడలించే మందులది. కోతకు ముందు చర్మం మీద పూసే క్లోర్‌హెక్సిడిన్ కూడా ఆ జాబితాలో ఉంది. ‘మత్తుమందు పడలేదు’ అని ఊళ్ళో చెప్పుకునే ఎన్నో కథలలో నిజమైన నేరస్థుడు మత్తుమందు కాకపోవచ్చునన్నమాట.

నిద్ర పుచ్చే మందులు నేడు ఇంత నిరపాయంగా మారడం వెనుక ఒక అనుభవం ఉంది. అందులో తెలంగాణ మెట్ట చేలకు పరిచయమైన ఆముదానికి కూడా పాత్ర ఉంది. థయోపెంటోన్‌ను 1934లో అమెరికాలో తొలిసారి వాడారు. తరువాతి దశాబ్దాలలో అంతకంటే త్వరగా తేరుకునే మందుల కోసం వెతుకులాట సాగింది. ప్రొపానిడిడ్, ఆల్తెసిన్ అనేవి అలా వచ్చాయి. ఇవి నీటిలో కరగవు. నీటిలో కరగని మందును సిరలోకి ఎక్కించాలంటే దానిని మోసుకుపోయే వాహకం కావాలి. అందుకు ఆముదపు నూనెను రసాయనికంగా మార్చి తయారు చేసిన క్రెమోఫోర్ అనే ద్రవాన్ని ఎన్నుకున్నారు. నిద్ర బాగానే పట్టింది. కాని కొందరు రోగులు ఒళ్ళు ఎర్రబారి, రక్తపీడనం పడిపోయి, ఊపిరి బిగుసుకుపోయి ప్రాణాపాయ స్థితికి చేరారు. ఫిర్యాదులు పెరగడంతో 1984లో ఆల్తెసిన్‌ను విపణి నుండి ఉపసంహరించారు. అంతిమంగా అనుమానం నిలిచింది దానిని మోసిన వాహకం మీద. బండి ఎక్కినవాడు మంచివాడే, బండే చెడ్డది. ఇంటిలో తాతమ్మలు తాగించిన ఆముదానికీ దీనికీ పోలిక లేదు. అది కడుపులోకి వెళ్ళేది, ఇది రసాయనపు మార్పు పొంది నేరుగా రక్తంలోకి చేరేది.

అదే కాలంలో బ్రిటనులోని ఐ.సి.ఐ. సంస్థలో పశువైద్యుడైన జాన్ గ్లెన్ బృందం ప్రొపొఫాల్ అనే మందును రూపొందిస్తున్నది. దానిని కూడా మొదట క్రెమోఫోర్‌లోనే కలిపారు. ఎలర్జీ వంటి లక్షణాలు కనిపించడంతో పరీక్షలు ఆపవలసి వచ్చింది. మందును వదులుకొమ్మన్నా ఆశ్చర్యం లేని సమయం అది. వారు మందును వదలక వాహకాన్ని మార్చారు. సోయా నూనె, గుడ్డు పచ్చసొన నుండి తీసిన లెసిథిన్ కలిపి పాలవలె తెల్లని ద్రవంగా మలచి 1986లో బయటికి తెచ్చారు. నేడు ప్రపంచమంతటా ఆసుపత్రులలో కనిపించే ఆ తెల్లని సూదిమందు అదే. ఈ కృషికి గ్లెన్‌కు 2018లో లాస్కర్ పురస్కారం దక్కింది. కోడిగుడ్డు పడనివారికి ఈ మందు ఇవ్వరాదని ఒక భయం ఉండేది. గుడ్డు ఎలర్జీ ఎక్కువగా తెల్లసొనలోని మాంసకృత్తుల వల్ల వస్తుంది. లెసిథిన్ పచ్చసొనలోనిది. కనుక గుడ్డు పడనివారు కూడా చాలావరకు దీనిని తట్టుకుంటారని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు.

కండరాలను సడలించే మందుల కథ ఇంతకంటే విచిత్రం. జీవితంలో ఎన్నడూ ఆ మందు తీసుకోనివారికి సైతం మొదటి సూదికే నిజమైన అనాఫిలాక్సిస్ కలగడం వైద్యులను తికమక పెట్టింది. పరిచయం లేని శత్రువును శరీరం ఎలా గుర్తుపట్టింది? ఆ మందుల అణువులో నత్రజని చుట్టూ అల్లుకున్న ఒక రసాయన నిర్మాణం ఉంటుంది. అటువంటి నిర్మాణమే ఫోల్కొడిన్ అనే దగ్గుమందులోనూ ఉందని నార్వే, స్వీడను పరిశోధకులు గమనించారు. దగ్గుకు తాగిన మందు శరీరంలో జ్ఞాపకాన్ని నాటితే, ఎప్పుడో శస్త్రచికిత్స గదిలో ఆ పోలిక ఉన్న మందు దానిని నిద్ర లేపింది. నార్వేలో 2007లో ఫోల్కొడిన్ అమ్మకం ఆగిపోయింది. ఆ తరువాత అక్కడ ఇటువంటి సంఘటనలు తగ్గాయి. 2022 డిసెంబరులో ఐరోపా ఔషధ సంస్థ కూడా దానిని విపణి నుండి తొలగించాలని సిఫారసు చేసింది.

‘పడదు’ అన్న మాట తప్పుగా అంటుకున్నా నష్టమే. చిన్ననాడు పెన్సిలిన్ సూది తరువాత ఒంటి మీద ఏవో పొక్కులు వచ్చాయని, జీవితమంతా ‘పెన్సిలిన్ పడదు’ అని చెప్పుకునేవారు చాలామంది ఉంటారు. అటువంటివారిని క్రమపద్ధతిలో పరీక్షిస్తే పదింట తొమ్మిదిమందికి పైగా ఎలర్జీ లేదని తేలుతున్నది. ఆ పొక్కులు జ్వరంతో వచ్చినవో, మరొక కారణం వల్ల కలిగినవో కావచ్చు. పెన్సిలిన్ జాతి మందులు వద్దనుకొన్నప్పుడు వాటి స్థానంలో బ్రిటనులో వాడిన టైకోప్లానిన్ అనే మందు అనాఫిలాక్సిస్‌కు మరింత ఎక్కువగా కారణమైనట్లు పైన చెప్పిన 2018 పరిశీలనలో బయటపడింది. లేని శత్రువుకు భయపడి చుట్టుదారి పట్టినవారికి ఆ దారిలో నిజమైన శత్రువు ఎదురయ్యాడు.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు చేయవలసిన చికిత్సలో రెండు మార్గాలు లేవు. ఎడ్రినలిన్ ఇవ్వాలి. హిస్టమిన్ చేసే ప్రతి పనినీ అది తిరగవ్రాస్తుంది. విప్పారిన నాళాలను బిగిస్తుంది, బిగిసిన ఊపిరి గొట్టాలను విప్పుతుంది, గుండెకు బలమిస్తుంది, మాస్ట్ కణాల తలుపులను మూయడానికి కూడా తోడ్పడుతుంది. మామూలు వార్డులో పెద్దవారికైతే అర మిల్లీగ్రాము తొడ కండరంలోకి ఇస్తారు. శస్త్రచికిత్స గదిలో గుండె లయను తెర మీద చూస్తూ మరీ కొద్ది మోతాదులలో సిరలోకి ఇస్తారు. కాళ్ళు ఎత్తి పెట్టడం, ప్రాణవాయువు అందించడం, సిర ద్వారా సెలైను ధారాళంగా ఎక్కించడం దాని వెంట సాగాలి. హిస్టమిన్‌కు విరుగుడుగా జనం ఎరిగిన మాత్రలు, సూదులు దురదను, దద్దుర్లను తగ్గిస్తాయే గాని పడిపోతున్న ప్రాణాన్ని నిలబెట్టలేవు. వాటి కోసం ఎడ్రినలిన్‌ను ఆలస్యం చేయడం ప్రాణాంతకమైన పొరపాటు. లెవీ జంతువులలో గుండెను ఆపిన పదార్థం, క్లోరోఫాం కనుమరుగైన నేటి గదిలో అందరికంటే ముందు చేతికందే చోట ఉంటుంది.

గండం గడిచాక చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. జరిగింది ఏమిటో తేల్చాలి. మాస్ట్ కణాలు హిస్టమిన్‌తో పాటు ట్రిప్టేజ్ అనే మరొక పదార్థాన్ని వదులుతాయి. హిస్టమిన్ నిమిషాల్లో మాయమవుతుంది. ట్రిప్టేజ్ కొన్ని గంటలు రక్తంలో నిలుస్తుంది. అందుకని వెంటనే ఒకసారి, ఒకటి రెండు గంటలకు మరొకసారి, ఒక రోజు గడిచిన తరువాత ఇంకొకసారి రక్తం తీసి పోల్చి చూస్తారు. నాలుగు నుండి ఆరు వారాల తరువాత అనుమానం ఉన్న ప్రతి మందునూ పలచగా చేసి చర్మం మీద పరీక్షించి, ఏది పడలేదో, ఏ దారిలో పడలేదో తెలుసుకోవచ్చు. ఈ సౌకర్యాలు పెద్ద నగరాలలోనే సులభం. చిన్న పట్టణాలలో చేయగలిగింది ఒక్కటే. ఆ రోజు వాడిన మందుల పేర్లు, వాడిన వేళలు, కనిపించిన లక్షణాలు కాగితం మీద వ్రాసి రోగి చేతికి ఇవ్వడం. దానికి ఖర్చు లేదు. పదేళ్ళ క్రితం బషీరాబాద్ స్త్రీకి లేకుండా పోయింది అదే.

ఊహించుకున్న ఆ స్త్రీ విషయంలో మత్తు వైద్యుడు ఏమి చేయాలి? పాత మందు పేరు ఎలాగూ దొరకదు. కాబట్టి హిస్టమిన్‌ను తక్కువగా కదిలించే మందులను ఎంచుకుంటాడు. ఒకదాని వెంట ఒకటి దూకించకుండా నడుమ వ్యవధి ఇస్తూ, నెమ్మదిగా ఎక్కిస్తాడు. ఎడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుంటాడు. అన్నింటికంటే ఎక్కువ అనుమానించదగిన యాంటీబయాటిక్‌ను నిద్ర పుచ్చడానికి ముందే, ఆమె మెలకువగా ఉండగానే ఇస్తాడు. ఆమె నోరు ఇంకా ఆమె అధీనంలోనే ఉన్న నిమిషాలు అవి.

“అరచేతులు దురదగా ఉన్నాయా అమ్మా?”

“లేదు సారూ.”

“గొంతు పట్టేసినట్టుందా?”

“ఏం లేదు. మంచిగనే ఉన్న.”

పది నిమిషాలు ఆగిన తరువాత తెల్లని మందు సిరలోకి వెళుతుంది. మూడవనాడు ఇంటికి బయలుదేరేటప్పుడు ఆమె చేతికి ఒక కాగితం వస్తుంది. తేదీ, ఇచ్చిన మందుల పేర్లు, వాటి మోతాదులు, చివరన తెలుగులో ‘ఈ మందులు పడినవి’ అన్న వాక్యం అందులో ఉంటాయి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు ఉన్న ప్లాస్టిక్ సంచిలో ఆమె దానిని మడిచి పెట్టుకుంటుంది.